తాబేళ్లు రెండు కలిపి పెంచాలా, విడివిడిగానా? ఒక ట్యాంకు, రెండు ట్యాంకులు, తొట్టి... ఏది ఎవరికి సరిపోతుంది

"రెండు తీస్కోండి, ఒక్కటే అయితే బెంగ పెట్టుకుంటది" అని అక్వేరియం షాపుల్లో చెప్పే మాట మీరూ వినే ఉంటారు. మేం 2018 వానాకాలంలో ఆ మాట నమ్మే రెండు తెచ్చుకున్నాం, రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దవి, పచ్చగా మెరుస్తూ ఉన్నాయి, మా పాప ఒకదానికి పెసర అని ఇంకోదానికి మినప అని పేర్లు పెట్టింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఒకే ట్యాంకు, మధ్యలో అడ్డం పెట్టిన ట్యాంకు, వేర్వేరు టబ్బులు అన్నీ చూశాం కాబట్టి ఏది ఎలా ఉంటుందో వివరంగా రాస్తున్నా, ముఖ్యంగా ఇంకా కొననివాళ్ల కోసం, అలాగే ఇప్పటికే రెండు తెచ్చుకుని ఏం చెయ్యాలో తెలీక చూస్తున్నవాళ్ల కోసం.

ముందు ఒక మాట, నేను చెప్పేదంతా చెవి దగ్గర ఎర్ర చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్ గురించే, మన దగ్గర షాపుల్లో ఎక్కువగా కనపడేది అదే. దాని సొంతూరు అమెరికాలో మిసిసిపీ నది పరిసరాలు. నక్షత్ర తాబేలు గానీ మన చెరువుల్లో దొరికే తాబేళ్లు గానీ ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు, అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, ఇంట్లో పెట్టుకోవటమే నేరం.

కొనేటప్పుడు 3 సెంటీమీటర్లు ఉండే ఈ పిల్ల ఎంత అవుతుందో షాపులో చెప్పరు. ఆడది అయితే చిప్ప పొడవే 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే మనం అన్నం తినే పళ్లెమంత, మగది 20 దాకా. 20, 30 ఏళ్లు బతుకుతుంది, బాగా చూస్కుంటే ఇంకా ఎక్కువే. ఒకటా రెండా అనేది ఆ పళ్లెం సైజు ఊహించుకుని తేల్చుకోవాలి, బిళ్ల సైజు చూసి కాదు.

ఇక బెంగ సంగతి. తాబేలుకి తోడు అక్కర్లేదు, కుక్కల్లాగ చిలకల్లాగ జంటగా గుంపుగా బతికే జాతి కాదిది. నదిలో ఒకే దుంగ మీద పది తాబేళ్లు వరసగా ఎండ కాచుకుంటూ కనపడతాయి నిజమే, కానీ అది దుంగ మీద ప్రేమ, పక్కదాని మీద కాదు, నచ్చకపోతే నీళ్లలోకి దూకి దూరంగా పోయే వీలు అక్కడ ఉంటుంది. ట్యాంకులో ఆ వీలు లేదు, ఎటు తిరిగినా గాజే, ఎటు తిరిగినా రెండోదే. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

మాకు ఇది అర్థం కావటానికి చాలా కాలం పట్టింది. ట్యాంకులో ఎండ కాచుకోవటానికి షాబాద్ బండ ముక్క అంచులు అరగదీసి, ఇటుకల మీద ఆనించి పెట్టాం. రోజూ పొద్దున లైటు వెయ్యగానే పెసర ఎక్కేది, కాసేపటికి మినప ఎక్కబోతే పెసర ముందు కాలు చాచి దాని తల మీద పెట్టేది, అది జారి నీళ్లలో పడేది, మళ్లీ ఎక్కేది, మళ్లీ పడేది. ఒక్కోసారి పెసర మినప వీపు మీదకే ఎక్కి కూర్చునేది, మేము దాన్ని ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాం, ఎంత ముద్దుగా ఉన్నాయో అని. అది ముద్దు కాదు, పైన ఉన్నది కిందదానికి లైటు తగలకుండా చేస్తోంది. రెండో ఏడు వచ్చేసరికి పెసర చిప్ప 12 సెంటీమీటర్లు, మినపది 8. మినప మగదని తర్వాత తెలిసింది, మగది ఎలాగూ చిన్నగానే ఉంటుంది, అది వేరే విషయం, కానీ మినప చిప్ప అంచులు వేలితో నొక్కితే మెత్తగా తగిలాయి, అంటే యూవీబీ (ఎండలో ఉండే, చిప్ప గట్టిపడటానికి కావాల్సిన ఒక రకం కిరణాలు), కాల్షియం సరిగ్గా అందలేదన్నమాట.

తర్వాత కథ తిరగబడింది. 2021లో మినప ముందు కాళ్ల గోళ్లు బాగా పొడుగయ్యాయి, తోక లావుగా పొడుగ్గా అయింది, అంటే మగది అని తేలింది. అప్పట్నుంచి పెసర మొహం ముందుకొచ్చి రెండు చేతులూ చాచి ఆ గోళ్లని వణికించటం మొదలెట్టింది. అది ఆటలా కనపడుతుంది గానీ జత కట్టటానికి అడగటం. పెసర పట్టించుకోకపోతే వెనకనుంచి మెడ కొరికేది. ఒకరోజు నీళ్లు మారుద్దామని పెసరని చేతిలోకి తీస్కుంటే మెడ మీద చర్మం లేచిపోయి గులాబీ రంగులో పచ్చిగా ఉంది, తోక చివర కూడా కొంచెం లేదు. ఆ సాయంత్రమే విడదీశాం. మనం పట్టి చూస్తేనే గానీ తెలీని దెబ్బలు ఇవి, నీళ్లలో ఉన్నప్పుడు కనపడవు, అందుకే రెండు కలిపి ఉంచినవాళ్లు వారానికోసారన్నా తీసి మెడ, తోక, వెనక కాళ్ల గోళ్లు చూడండి.

సరే, ఇప్పుడు ఒక్కో దారి గురించి.

ఒక్కటే పెంచటం. ఇంకా కొననివాళ్లకి నా సలహా సూటిగా ఇదే, ఒక్కటే తెచ్చుకోండి. నీళ్ల లెక్క తాబేళ్లు పెంచేవాళ్లు వాడేది ఏంటంటే చిప్ప పొడవు అంగుళానికి 10 గాలన్లు, అంటే దాదాపు 38 లీటర్లు. పది అంగుళాల ఆడదానికి 380 లీటర్లు. ఇప్పుడు 4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ట్యాంకు తీస్కోండి, మన ఇళ్లల్లో అది చాలా పెద్ద ట్యాంకు కిందే లెక్క, నిండా పోస్తే 255 లీటర్లు పడతాయి, తాబేలు దూకకుండా పైన ఖాళీ వదిలితే 190 మాత్రమే. అంటే ఒక్క పెద్ద ఆడదానికే అది సగం. 4 బై 2 బై 2 అయితే ముప్పావు వంతు నింపితే 340 దాకా వస్తుంది, అది బాగుంటుంది, కానీ నీళ్ల బరువే 340 కిలోలు, గాజు స్టాండు అదనం, అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవాళ్లు గోడవారగా, ఓనరుని అడిగి మరీ పెట్టుకోవాలి. ఒక్కదానికే ఇంత ఉంటే రెండోదాని గురించి వేరే చెప్పాలా.

ఒక్కటే ఉంటే ఇంకో లాభం, తిండి ఎంత తింటోందో మనకి తెలుస్తుంది. తినటం మానేస్తే ఆ రోజే పట్టేస్తాం. రెండు ఉంటే ఎవరు తిన్నారో ఎవరు తినలేదో తెలీదు, వేసినవి అయిపోయాయి కదా అనుకుంటాం. పైగా ఒక్కటే పెంచిన తాబేలు మనిషికి బాగా అలవాటవుతుంది, అడుగుల చప్పుడికి గాజు దగ్గరకి ఈదుకుంటూ వస్తుంది, అది ఆకలికే అయినా చూస్తే భలే ఉంటుంది.

రెండు ఒకే ట్యాంకులో. ఇది అన్నిసార్లూ కుదరదని నేను అనను, ఏవి రెండు అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండూ మగవైతే అసలు వద్దు, పెద్దయ్యాక కొట్టుకోవటం దాదాపు ఖాయం. ఒక మగ ఒక ఆడ అంటే మా కథే, ఆడదానికి రోజంతా వేధింపు, తప్పించుకునే చోటు లేదు. రెండు ఆడవి, ఒకే సైజువి, పెద్ద ట్యాంకు, ఇలాగైతే కలిపి ఉంచినవాళ్లలో కాస్త ఎక్కువమందికి కుదురుతుంది. కానీ చిక్కేంటంటే కొనేటప్పుడు ఆడో మగో ఎవరూ చెప్పలేరు. చిప్ప 10 సెంటీమీటర్లు వచ్చేదాకా తేడా తెలీదు, షాపులో "ఇది జంట, ఒకటి ఆడ ఒకటి మగ" అని పిల్లల్ని చూపించి చెప్తే అది ఉత్త మాటే. పెద్దయ్యాక గుర్తులు చెప్పా కదా, మగదానికి ముందు గోళ్లు పొడుగు, తోక లావు, ఆడదానికి గోళ్లు పొట్టి, తోక సన్నగా చిన్నగా ఉంటుంది, ఒళ్లు మాత్రం పెద్దది.

కలిపే ఉంచాలనుకుంటే కొన్ని తప్పవు. నీళ్లు మొదటిదాని లెక్కకి కనీసం ఇంకో సగం కలపండి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. ఎండ కాచుకునే బండలు రెండు, చెరో చివర, రెండింటి మీదా వేడి లైటు, రెండింటి మీదా యూవీబీ. బండ దగ్గర వేడి 32 నుంచి 35 డిగ్రీలు, నీళ్లు 24 నుంచి 27. యూవీబీ ట్యూబు వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు, కంపెనీని బట్టి 6 నెలల నుంచి ఏడాదికి మార్చాలి, అలాగే కిటికీ అద్దంలోంచి పడే ఎండలో యూవీబీ ఉండదు, చాలామంది ట్యాంకుని కిటికీ పక్కన పెట్టి చాలు అనుకుంటారు, చాలదు. ట్యాంకు మధ్యలో ఒకదానికొకటి కనపడకుండా ఏదైనా పెట్టండి, పెద్ద రాయో, అడ్డంగా కోసిన లావు పీవీసీ పైపు ముక్కో, దానిలో ఇరుక్కోకుండా చూడండి. తిండి మాత్రం విడివిడిగా, ఒకదాన్ని బకెట్లోకి తీసి పెట్టి అక్కడే తినిపించి మళ్లీ వదలండి, ఇది విసుగే గానీ కొరుకుళ్లు ఎక్కువ జరిగేది తిండి దగ్గరే, ఎండు రొయ్య అనుకుని పక్కదాని కాలి వేలు పట్టుకుంటాయి.

ఎండు రొయ్యలంటే గుర్తొచ్చింది, షాపులో ఆ డబ్బా ఒకటే ఇచ్చి పంపుతారు, అది ఎప్పుడో ఒకసారి ఇచ్చే చిరుతిండే తప్ప భోజనం కాదు. అదే పెడుతూ పోతే విటమిన్ ఏ తగ్గి కళ్లు ఉబ్బి మూసుకుపోతాయి. మంచి పెల్లెట్లు (తాబేళ్ల కోసం గుళికల్లా తయారుచేసే తిండి), తోటకూర, కారెట్ తురుము, గుమ్మడి ముక్క, కాల్షియం కోసం నీళ్లలో ఒక కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి లోపలి గట్టి తెల్లటి పెంకు) ముక్క. పిల్లలకి రోజూ, పెద్దవాటికి పెల్లెట్లు రోజు విడిచి రోజు, ఆకుకూర ఎంతైనా.

ఫిల్టర్ గురించి కూడా చెప్పాలి. తాబేలు చేపలకంటే చాలా ఎక్కువ మురికి చేస్తుంది, అందుకే ట్యాంకు లీటర్లకి రెండు మూడు రెట్లు రేటింగ్ ఉన్న ఫిల్టర్ పెట్టమంటారు. రెండు తాబేళ్లంటే మురికి రెట్టింపు. ఒక్కటే ఉంటే వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది, రెండు కలిపి ఉన్నప్పుడు వారానికి రెండుసార్లు మార్చినా మాకు వాసన వచ్చేది. బోరు నీళ్లతో బకెట్లు మోసేది మనమే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అడ్డం పెట్టిన ట్యాంకు. దెబ్బలు చూసిన వారం తర్వాత మేం చేసింది ఇదే. తెల్లటి మందపాటి అక్రిలిక్ షీటు కొలతకి కోయించి, కింద భాగంలో నీళ్లు తిరగటానికి చిన్న బెజ్జాలు వేయించి, అక్వేరియం సిలికాన్‌తో అంటించాం. ముందు పారదర్శకంగా ఉండేది పెట్టి తప్పు చేశాం, రెండూ రోజంతా దానికి మొహం ఆనించి ఈదుతూనే ఉండేవి, మినప గోళ్లు వణికిస్తూనే ఉండేది, అసలు కనపడకుండా ఉంటేనే అవి కుదురుగా ఉంటాయి. షీటు నీళ్లపైన కనీసం ఓ జానెడన్నా లేవాలి, లేకపోతే బండ మీదనుంచి దాటేస్తాయి. దీని లాభం ఒక్కటే ట్యాంకు, ఒకే ఫిల్టర్. నష్టం మాత్రం పెద్దది, ఉన్న చోటు సగం సగం అయిపోతుంది, 4 అడుగుల ట్యాంకులో ఒక్కోదానికి 2 అడుగులు, 20 సెంటీమీటర్ల తాబేలు అందులో తిరగటమంటే మనిషి బాత్రూములో కాపురం ఉండటమే. పైగా నీళ్లు ఒకటే కాబట్టి ఒకదానికి జబ్బు వస్తే రెండోదానికీ అంటుకోవచ్చు. నాలుగు నెలలు అలా ఉంచాం. ఏర్పాటు అయ్యేదాకా తాత్కాలికంగా వాడుకోండి, పదేళ్లు దాని మీద నడపొద్దు.

రెండు వేర్వేరు. 2022 నుంచి మా ఇంట్లో ఇదే. గాజు ట్యాంకులే రెండు కొనాలంటే ఖర్చు చాలా అవుతుంది, కానీ తాబేలుకి గాజు అక్కర్లేదు, మనకి చూడ్డానికి బాగుంటుందని గాజు కొంటాం. 500 లీటర్ల సింటెక్స్ ట్యాంకు పైభాగం కోయించి అంచులు నున్నగా చేయిస్తే పెసరకి సరిపోయింది, మినపకి పాత గాజు ట్యాంకు అడ్డం తీసేసి ఇచ్చాం. కోసిన ట్యాంకు గాజుతో పోలిస్తే చాలా చవక, పగలదు, పక్కనుంచి కనపడదు గానీ పైనుంచి చూడొచ్చు, తాబేలుకి కూడా బయట మనుషుల కదలిక కనపడక నిదానంగా ఉంటుంది. ఖర్చు ఎక్కడ అవుతుందంటే లైట్లు, ఫిల్టర్లు రెండేసి, కరెంటు కూడా ఆ లెక్కనే. అయినా దెబ్బలకి డాక్టర్ దగ్గరకి తిరగటం, సరీసృపాలు చూసే డాక్టరు అందరి ఊళ్లలో దొరక్కపోవటం, ఇవన్నీ చూస్తే నాకిదే చవక అనిపించింది. మారిన రెండు నెలల్లో మినప తిండి పెరిగింది, చిప్ప అంచు గట్టిపడింది, పెసర మెడ మీద కొత్త చర్మం వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు ఒక్కరోజు కూడా అనిపించలేదు, అందుకే బెంగ మాట నేను గట్టిగా కాదంటున్నా.

పెరట్లోనో డాబా మీదో సిమెంటు తొట్టి. చోటు ఉన్నవాళ్లకి ఇది అన్నిటికంటే బాగుంటుంది, సహజమైన ఎండ, బోలెడు నీళ్లు, రెండు మూడు ఆడవాటిని కలిపి ఉంచాలంటే అసలు చోటు ఇలాంటిదే, దూరంగా పోయే వీలు ఉంటుంది కాబట్టి. కానీ మన వేసవి గుర్తుపెట్టుకోండి, ఏప్రిల్ మే నెలల్లో డాబా మీద లోతు తక్కువ తొట్టిలో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, అందులో తాబేలు ఉడికి చచ్చిపోతుంది, ఇది మాటవరసకి అనట్లేదు. లోతు కనీసం రెండడుగులు, సగానికి పైగా నీడ, గ్రీన్ నెట్టో పందిరో వెయ్యాలి. గోడ నీళ్ల పైన అడుగున్నర లేచి పైన లోపలికి వంపు ఉండాలి, ఇవి ఎంత బాగా ఎక్కుతాయో చూస్తేగానీ నమ్మరు. పిల్లల్ని కాకులు, గద్దలు, పిల్లులు ఎత్తుకుపోతాయి, కోతులు ఉన్న ఊళ్లలో అయితే పైన జాలీ తప్పదు. వానాకాలం తొట్టి పొంగితే ఈదుకుంటూ కాలువలోకి పోతాయి, పొంగిన నీళ్లు పోయే పైపుకి జాలీ వెయ్యండి. డిసెంబరు రాత్రుళ్లు హైదరాబాద్‌లో చలికి మందంగా అయిపోయి తిండి మానేస్తాయి, చిన్నవాటిని ఆ రెండు నెలలు లోపలికి తెచ్చుకోండి.

వేరే జాతుల్ని కలపటం గురించి అడుగుతారు, స్లైడర్‌తో ఇంకో రకం తాబేలు పెట్టొచ్చా అని. వద్దు. ఒకదానికి జబ్బు చెయ్యని క్రిమి ఇంకోదాన్ని చంపొచ్చు, పైగా మెత్తటి చిప్ప ఉన్న రకాలు స్లైడర్ కొరికితే తట్టుకోలేవు. చేపలు వేస్తే తినేస్తుంది, అంతే.

రెండోదాన్ని తెచ్చేసుకుని ఉంటే గానీ, ఎవరైనా ఇచ్చి ఉంటే గానీ, నేరుగా తీసుకెళ్లి ట్యాంకులో వెయ్యకండి. కనీసం రెండు నెలలు, వీలైతే మూడు నెలలు వేరే టబ్బులో, వేరే జాలి, వేరే మగ్గు. పిల్లలున్న ఇళ్లలో సాల్మొనెల్లా (విరేచనాలు, జ్వరం తెచ్చే బాక్టీరియా) సంగతి కూడా, తాబేలు ఆరోగ్యంగా కనపడినా దాని ఒంటి మీద ఉండొచ్చు, అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్లని పెంపకానికి అమ్మటం 1975లోనే ఆపేసింది అందుకే, అక్కడున్న మనవాళ్లు బీచుల దగ్గర, సంతల్లో బుల్లి డబ్బాలో అమ్మేవి చూసి పిల్లలకి కొనివ్వకండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు, ట్యాంకు సామాను వంటింటి సింకులో కడగొద్దు, అయిదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఆడ మగ కలిసి ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి, విడదీసినా ఆడది ముందు కలిసినప్పటి వీర్యాన్ని దాచుకుని ఏళ్ల తర్వాత కూడా పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. అసలు మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది, అవి పొదగవు అంతే. తిండి మానేసి, వెనక కాళ్లతో బండ మీద గోకుతూ, ట్యాంకులోంచి బయటపడాలని చూస్తుంటే తడి ఇసుక, మట్టి కలిపి అడుగు లోతు టబ్బులో పోసి అందులో వదలండి. గుడ్లు లోపలే ఆగిపోతే ప్రాణం మీదకి వస్తుంది, రెండు మూడు రోజులు చూసి డాక్టర్ దగ్గరకి వెళ్లండి. పెసర మొదటిసారి పెట్టినప్పుడు రాత్రి పదకొండింటికి ఇసుకలో గొయ్యి తవ్వి ఏడు గుడ్లు పెట్టి, వెనక కాళ్లతో మట్టి కప్పి, తట్టి తట్టి చదును చేసింది, మేం ముగ్గురం లైటు ఆర్పేసి గుమ్మంలో కూర్చుని చూశాం.

రెండూ పెంచలేం, ఒకటి వదిలించుకోవాలి అనుకునేవాళ్లకి దయచేసి చెప్తున్నా, చెరువులో, గుడి కోనేట్లో వదలకండి. పుణ్యం అనుకుని వదులుతారు గానీ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే 100 పరాయి జాతుల జాబితాలో ఈ తాబేలు ఉంది, మన తాబేళ్ల తిండి, ఎండ కాచుకునే చోట్లు లాగేసుకుంటుంది. కేరళలో త్రిశూర్ దగ్గర కాలువలో 2018లో ఇవి బయటపడ్డాయి, ఎవరో ఇంట్లో పెంచి వదిలేసినవే. తొట్టి ఉన్న తెలిసినవాళ్లకి ఇవ్వండి, షాపువాళ్లని వెనక్కి తీసుకోమని అడగండి, దొరికేదాకా వేరే టబ్బులో ఉంచండి.

ఇక దెబ్బలు తగిలిన తాబేలు ఉంటే, విడదీసి, గాయం నీళ్లు కలిపి పల్చన చేసిన బెటాడిన్‌తో తుడిచి, రోజులో కొన్ని గంటలు పొడిగా వెచ్చగా ఉంచి, తిండికీ తాగటానికీ నీళ్లలో వదిలి, వీలైనంత త్వరగా డాక్టర్‌కి చూపించండి. నయమయ్యాక మళ్లీ కలిపి చూద్దాం అనుకోవద్దు, మేం ఒక్కసారి కలిపాం, మినప పది నిమిషాల్లో మళ్లీ అదే మెడ పట్టుకుంది.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఎలా అని అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తా. ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు వారం రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది, లైట్లకి టైమర్ పెట్టి, ఫిల్టర్ నడుస్తుంటే, రెండు రోజులకోసారి ఎవరైనా వచ్చి చూసి వెళ్తే చాలు. విడివిడిగా ఉన్నవాటిని ఇలా వదిలి వెళ్లొచ్చు. ఆకలితో ఉన్న రెండింటిని ఒకే ట్యాంకులో వదిలి మాత్రం తాళం వేసి వెళ్లకండి.